ఇంటికీ డ్యూటీకీ నడుమ ఒక మడత కుర్చీ

ఖతార్ ఉత్తరపు కొస నుంచి దక్షిణపు సరిహద్దు వరకు దూరం సుమారు 160 కిలోమీటర్లు. ఆ దేశంలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి ప్రయాణికుల విమానం నడపవలసిన అవసరమే లేదు. అయినా ప్రపంచంలోని పెద్ద విమానయాన సంస్థలలో ఒకటైన ఖతార్ ఎయిర్‌వేస్ దోహా కేంద్రంగా పనిచేస్తోంది. దాని పైలట్లలోను, క్యాబిన్ సిబ్బందిలోను అత్యధికులు విదేశీయులు. స్వస్థలాలు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా వారి డ్యూటీ మాత్రం దోహాలోనే మొదలవుతుంది. అమెరికాలో ఇంటికీ ఉద్యోగానికీ మధ్య దూరాన్ని పైలట్లు తరచుగా ఒక చిన్న కుర్చీ మీద కూర్చొని దాటుతారు. దాని పేరు జంప్‌సీట్. ఆ కుర్చీ అక్కడ ఎందుకంత ముఖ్యమైనదో, దోహాలో ఎందుకు కాలేదో పరిశీలిస్తే, డ్యూటీకి ముందే కలిగే అలసటకు బాధ్యులెవరన్న ప్రశ్న దగ్గరకు చేరుతాము.

కుర్చీ, దాని నియమాలు

కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనుక మడిచి ఉంచే అదనపు కుర్చీయే జంప్‌సీట్. తనిఖీ అధికారులు, శిక్షకులు కూర్చొని గమనించడం దాని అసలు ప్రయోజనం. తలుపుల దగ్గర క్యాబిన్ సిబ్బంది కూర్చునే మడత కుర్చీలకు కూడా ఇదే పేరు.

విమానయాన సిబ్బంది ప్రయాణాలు మూడు రకాలు. సంస్థ ఆదేశంపై, పనిలో భాగంగా ప్రయాణికుల సీట్లో వెళ్ళడం డెడ్‌హెడ్. సొంత పనిమీద రాయితీ టికెట్ తీసుకొని, సీటు మిగిలితేనే వెళ్ళడం స్టాండ్‌బై. విమానం నిండినప్పుడు కూడా జంప్‌సీట్ ఖాళీగా ఉండవచ్చు. అదే దాని విలువ. కాని అది హక్కు కాదు. అమెరికాలో సంస్థలు ఒకదాని పైలట్లకు మరొకటి ఈ సౌకర్యం ఇచ్చిపుచ్చుకుంటాయి. అయినా తుది మాట కెప్టెన్‌దే. అందుకే కాక్‌పిట్ గుమ్మం దగ్గర నిలబడి కెప్టెన్‌ను స్వయంగా అనుమతి అడగడం అక్కడి మర్యాద.

2001 సెప్టెంబరు దాడుల తరువాత ఇతర సంస్థల పైలట్లను కాక్‌పిట్‌లోకి రానివ్వడం ఆగిపోయింది. వచ్చిన వ్యక్తి ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నాడా, ఫోటో సరిపోతోందా అని గేటు దగ్గరే సరిచూసే కాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చాకనే ఆ సౌకర్యాన్ని పునరుద్ధరించారు.

అయితే గుర్తింపును నిర్ధారించినంత మాత్రాన మనఃస్థితి తెలియదు. 2023 అక్టోబరు 22న, ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న హొరైజన్ ఎయిర్ విమానంలో జంప్‌సీట్‌పై కూర్చున్న, డ్యూటీలో లేని ఒక పైలట్ ఇంజన్లకు ఇంధనాన్ని ఆపివేసే పిడులను లాగబోయాడు. సిబ్బంది అతన్ని అడ్డుకొని విమానాన్ని పోర్ట్‌లాండ్‌లో దించారు. అదే ఏడాది ఫిబ్రవరి 27న దుబాయి నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా విమానంలో, ప్రయాణికురాలిగా ఉన్న ఆ సంస్థ ఉద్యోగినిని కెప్టెన్ కాక్‌పిట్‌లోకి రానిచ్చాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా భారత పౌరవిమానయాన డైరెక్టరేట్ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించి, కెప్టెన్ లైసెన్సును మూడు నెలలు నిలిపివేసింది.

నిద్ర లేని రాత్రి

2009 ఫిబ్రవరి 12 రాత్రి, నెవార్క్ నుంచి బఫెలో వెళ్తున్న కొల్గాన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది మరణించారు. కెప్టెన్ ఇల్లు ఫ్లారిడాలో. ఫస్ట్ ఆఫీసర్ ఇల్లు సియాటిల్ దగ్గర. ఆమె ముందు రాత్రంతా సరకు విమానాలలో ప్రయాణించి, మెంఫిస్ మీదుగా ఆ ఉదయమే నెవార్క్ చేరింది. వేగం తగ్గుతోందన్న హెచ్చరికకు కెప్టెన్ సరిగా స్పందించకపోవడమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది. అలసట ఇద్దరి పనితీరునూ తగ్గించి ఉండవచ్చునని, ఎంతమేరకో నిర్ధారించలేమని పేర్కొంది. నెవార్క్ బేస్‌లోని ఆ సంస్థ పైలట్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది వేరే ఊళ్ళ నుంచి వచ్చేవారేనని కూడా దర్యాప్తులో వెల్లడైంది.

ఈ ప్రమాదం తరువాత రూపొందిన అమెరికా నిబంధనలు 2014 జనవరిలో అమలులోకి వచ్చాయి. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రకు అవకాశం ఉండాలి. కాని సొంత ఇంటి నుంచి బేస్‌కు చేసే ప్రయాణం డ్యూటీ లెక్కలోకి రాదు. తాను పనికి తగిన స్థితిలో ఉన్నానో లేదో తేల్చుకోవలసిన భారం ప్రధానంగా పైలట్‌దే. ఇంటి నుంచి బేస్‌కు మామూలుగా 90 నిమిషాలకు మించి పట్టేవారు బేస్‌కు దగ్గరలో తాత్కాలిక వసతి చూసుకోవడం మంచిదని ఐరోపా మార్గదర్శకాలు సూచిస్తాయి. అదీ సలహాయే.

దోహా పద్ధతి

ఈ చిక్కుముడిని గల్ఫ్ సంస్థలు వేరే దారిలో విప్పాయి. ఉద్యోగి సాధారణంగా బేస్ ఉన్న ఊళ్ళోనే నివసించాలి. క్యాబిన్ సిబ్బందికి సంస్థే వసతి ఇస్తుంది, విమానాశ్రయానికి వాహనం పంపుతుంది. రాత్రంతా ఎగిరివచ్చి తెల్లవారి డ్యూటీ ఎక్కే అవసరం మామూలుగా రాదు. హైదరాబాదు సుమారు నాలుగు గంటల దూరమే అయినా, అది సెలవులో వెళ్ళే ఊరు. ఆ ప్రయాణం రాయితీ టికెట్ మీద, సీటు దొరికితేనే సాగుతుంది. పండుగల రోజుల్లో, వేసవి సెలవుల్లో సీటు మిగలడం కష్టం.

భద్రత దృష్ట్యా ఇది మెరుగైన ఏర్పాటే. అయితే దానికి చెల్లించే మూల్యం వేరే చోట కనిపిస్తుంది. ఇంటినీ, రాకపోకలనూ సంస్థే సమకూర్చినప్పుడు వాటిమీద అదుపు కూడా సంస్థకే దక్కుతుంది. తండ్రి, సోదరుడు, భర్త తప్ప మరే పురుషుడూ మహిళా సిబ్బందిని సంస్థ ఆవరణ దగ్గర దించకూడదు, అక్కడి నుంచి తీసుకువెళ్ళకూడదు అన్న ఖతార్ ఎయిర్‌వేస్ నియమాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ కమిటీ 2015లో వివక్షగా నిర్ధారించింది. ఉద్యోగం పోయినప్పుడు ఈ ముడి మరింత బిగుస్తుంది. 2020 మేలో, కోవిడ్ సమయంలో, దాదాపు 20 శాతం ఉద్యోగాలు తగ్గించవలసి వస్తుందని ఆ సంస్థ అధిపతి చెప్పారు. అమెరికాలో బేస్ మూతపడితే పైలట్ ఇల్లు అలాగే ఉంటుంది, జంప్‌సీట్ ప్రయాణం మరికొంత పొడవవుతుంది. దోహాలో నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవాలి, లేదా ఇల్లు, పిల్లల బడి, ఆ దేశం అన్నీ విడిచిపెట్టాలి.

అమెరికా పద్ధతిలో ఉద్యోగికి తన ఊళ్ళో ఉండే స్వేచ్ఛ దక్కింది, అలసట భారం అతని మీదే పడింది. దోహా పద్ధతిలో ఆ ప్రయాణపు అలసట తప్పింది, స్వేచ్ఛ కుంచించుకుపోయింది. అలసట నిబంధనలు రాసేవారు లెక్కను విమానాశ్రయంలో రిపోర్టు చేసిన నిమిషం నుంచి కాక ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టనంతకాలం, ఆ నడిమి దూరపు భారాన్ని ఉద్యోగులే ఏదో ఒక రూపంలో మోయవలసి ఉంటుంది.