చార్టుకు చిక్కని చూపు

కంటి పరీక్షలో చివరి వరుస వరకూ గడగడా చదివేసినవాళ్లలోనే కొందరు రాత్రిపూట బండి నడపాలంటే జంకుతారు. ఎదురొచ్చే లారీ లైట్లు తోకచుక్కల్లా సాగిపోతాయి. వీధిదీపం చుట్టూ ముళ్లు మొలుస్తాయి. చీటీ మీద మాత్రం 6/6. ‘మీ కళ్లు బాగానే ఉన్నాయి’ అని పంపించేస్తే, ఆ ఇబ్బంది ఎవరితో చెప్పుకోవాలి? దాన్ని కొలిచే సాధనం ఇప్పుడుంది. ఖగోళ శాస్త్రం నుంచి వచ్చిన సాధనమది.

1900 ప్రాంతంలో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో యొహానెస్ హార్ట్‌మన్ టెలిస్కోప్ లోపాలు పట్టుకోవడానికి దాని ముందు చిల్లుల పలక పెట్టాడు. ఏ చిల్లు నుంచి వచ్చిన కిరణమైనా పడాల్సిన చోట పడకపోతే, లెన్స్‌లో ఆ భాగం సరిగా లేదన్నమాట. 1970ల మొదట్లో అరిజోనా విశ్వవిద్యాలయంలో రోలాండ్ షాక్, బెన్ ప్లాట్ చిల్లులకు బదులు బుల్లి కటకాలు అమర్చారు. భూమ్మీద నుంచి ఉపగ్రహాలను స్పష్టంగా ఫొటో తీయడం అప్పటి అవసరం. ఆ ఏర్పాటును మనిషి కంటివైపు తిప్పినవాళ్లు హైడెల్‌బర్గ్‌లోని యోసెఫ్ బిల్లె, జున్‌జాంగ్ లియాంగ్ బృందం. 1994లో ఫలితాలు ప్రచురించారు.

పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. గడ్డం ఆనించి లోపలి గుర్తును చూస్తే చాలు. సన్నని పరారుణ కాంతి రెటీనా మీద చిన్న చుక్కగా పడి, వెనక్కి వస్తూ కంటి కటకం, కార్నియాల వంకరలన్నిటినీ మోసుకొస్తుంది. సెన్సర్‌లోని ఆ బుల్లి కటకాలు ఈ కాంతిని కెమెరా మీద చుక్కలుగా పరుస్తాయి. దోషం లేకపోతే చుక్కలు సమాన దూరంలో ఉంటాయి. అలాంటి కన్ను లోకంలో లేదు! ప్రతి చుక్కా ఎటు, ఎంత జరిగిందో లెక్కగడితే కాంతి అల ఎక్కడ ముందుందో, ఎక్కడ వెనకబడిందో మైక్రాన్లలో తేలుతుంది.

దూరపు చూపు, దగ్గర చూపు దోషాలు, ఆస్టిగ్మాటిజం అద్దాలతో సరిపోతాయి. కోమా, స్ఫెరికల్ అబరేషన్ లాంటి మిగతా దృష్టి దోషాలు మామూలు అద్దాలకు లొంగవు. పగటి వెలుగులో కంటిపాప ముడుచుకుంటుంది కనుక ఇవి అంతగా తెలియవు. చీకట్లో యువకుల కంటిపాప 6, 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అంచుల్లోని లోపాలు అప్పుడు బయటపడతాయి. రాత్రి డ్రైవింగ్ భయం ఉత్త అనుమానమని ఎవరూ కొట్టిపారేయకూడదు.

కెరటోకోనస్ ఉన్న కంటి చుక్కల చిత్రం చూస్తే సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కార్నియా పలచబడి ముందుకు ఉబ్బిన చోట చుక్కలు ఒకదాని మీదికొకటి తోసుకొస్తాయి. కొన్ని సాగి మసకబారతాయి. సాధారణంగా టీనేజీలో మొదలయ్యే జబ్బు ఇది. అద్దాలు మార్చి మార్చి విసిగిపోయిన పిల్లలకు గట్టి కాంటాక్టు లెన్సు చాలాసార్లు చూపును నిలబెడుతుంది. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇలాంటి కళ్ల చూపు తీరుపై పరిశోధనలు జరుగుతున్నాయి.

లేసిక్‌లోనూ, శుక్లాల ఆపరేషన్‌లో అమర్చే కొన్ని లెన్సుల రూపకల్పనలోనూ ఈ కొలతలు అక్కరకొచ్చాయి. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ విలియమ్స్ బృందం మరో అడుగు వేసింది. సెన్సర్ చెప్పిన లోపాన్ని ఆకారం మార్చుకునే అద్దంతో సరిదిద్ది, బతికున్న మనిషి రెటీనాలో ఒక్కొక్క కణాన్నీ ఫొటో తీసింది. 1999లో ఆస్టిన్ రూర్డాతో కలిసి విలియమ్స్ అలా పరిశీలించిన ఇద్దరికీ రంగుల చూపు మామూలుగానే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ కాంతులను పట్టే కణాల నిష్పత్తి మాత్రం ఒకరి కంట్లో ఉన్నదానికి మూడింతలకు పైగా రెండో వ్యక్తి కంట్లో ఉంది.