చూపు మసకబారినపుడు: నేత్రనాడి వాపు, దాని కారణములు

కొన్ని మాసముల క్రిందట మా వార్తావిభాగమున పనిచేయు మిత్రులొకరు ఉదయపు వార్తల ప్రతిని చేతబట్టుకొని, "ఈ సవరణలు ఎర్రసిరాతో చేసినవి కావా? ఇటుకరంగున కనబడుచున్నవేమి?" అని అడిగిరి. సిరా ఎర్రగానే యున్నది. ఎడమకన్ను మూసి చూచిన ఎరుపు వెలిసిపోయినట్లును, కుడికన్ను మూసి చూచిన నిగనిగలాడుచున్నట్లును వారికి తోచెను. కంటిలో ఎరుపు లేదు, పుసి లేదు, నొప్పియు లేదు. కళ్ళజోడు మార్చిన చాలునని వారు తలచిరి. చాలమంది ఇట్లే తలతురు. ప్రమాదము అచటనే యున్నది.

రేడియో గల ఇండ్లవారికి కన్ను పనిచేయు తీరు తెలుపుట సులభము. ఏరియల్ తరంగములను పట్టుకొనునట్లు, కంటి వెనుకభాగమున పరచుకొనియున్న రెటీనా యను పలుచని పొర వెలుతురును పట్టుకొనును. అచటినుండి సుమారు 10 లక్షల సన్నని పోగులు ఒక్క కట్టగా కూడి మెదడు వైపునకు సాగును. ఇదియే నేత్రనాడి. ఏరియల్ తీగ చెడినపుడు రేడియో పెట్టెను ఎంత తుడిచినను పాట వినిపించదు. అట్లే నాడి వాచినపుడు చుక్కలమందు వేసినను, అద్దములు మార్చినను చూపు తేటపడదు.

1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును నిర్మించిన పిదప, బ్రతికియున్న మనుష్యుని కంటి లోపలిభాగమును పరిశీలించుట వైద్యులకు సాధ్యమయ్యెను. నాడి కంటిలో ప్రవేశించుచోటు చిన్న పళ్ళెమువలె గుండ్రముగా కనబడును. అది ఉబ్బియున్న యెడల వాపు కలదని చెప్పవచ్చును. కాని వాపు ఒక లక్షణమే గాని కారణము కాదు. జ్వరము వచ్చిన మాత్రమున మలేరియా యని నిర్ణయింపజాలము కదా! కారణములను వేరుచేసి చూచుటయే వైద్యుని అసలు పని.

మొదటి తెగ, నాడిపోగులపై నుండు తొడుగును శరీరమునందలి రక్షణశక్తియే పొరపాటున దెబ్బతీయుటవలన కలుగునది. 20 మొదలు 45 ఏండ్ల వయసువారిలో, అందును స్త్రీలలో, ఇది ఎక్కువ. సాధారణముగా ఒక కన్ను కొద్ది దినములలో మసకబారును. కనుగ్రుడ్డు కదల్చిన నొప్పి పుట్టును. పెక్కుమందిలో వాపు నాడి వెనుకభాగమున నుండుటచే లోపల చూచినను ఏమియు కనబడదు. కొందరిలో ఇది మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నరముల వ్యాధికి తొలిసూచన. ఐనను అధికసంఖ్యాకులకు కొన్ని వారములలో చూపు చాలవరకు తిరిగి వచ్చును.

ఇదే రక్షణశక్తి తీవ్రరూపమున దెబ్బతీయు వ్యాధిని 1894లో ఫ్రెంచి వైద్యుడు డెవిక్ వర్ణించెను. అది రెండు కండ్లను, వెన్నుపామును కూడ పట్టవచ్చును. ఆ రోగుల రక్తమున ఒక ప్రత్యేకమైన ప్రతిరక్షకము కలదని 2004లో తేలినది. నేడు రక్తపరీక్షతో దీనిని గుర్తింపవచ్చును. ఇందు ఆలస్యమైన కొలది చూపు నష్టమగును.

రెండవ తెగ, నాడితోపాటు రెటీనాను కూడ పట్టునది. నాడిముఖమునందలి రక్తనాళముల నుండి ద్రవము కారి రెటీనా నడిబొడ్డునకు ప్రాకును. నీరు ఇంకిపోగా క్రొవ్వు మిగిలి, కిరణములు దీర్చినట్లు నక్షత్రాకారము ఏర్పడును. 1916లో లీబర్ దీనిని వర్ణించుచు లోపము రెటీనాదే యని భావించెను. ద్రవము కారునది నాడి నుండి యని 1977లో గాస్ చూపెను. ఈ నక్షత్రము వాపు పుట్టిన వెంటనే గాక, తరచు ఒకటి రెండు వారములకు కనబడును. పిల్లి గీరుటవలన సోకు బార్టొనెల్లా యను సూక్ష్మజీవి దీనికి ముఖ్యకారణము. సిఫిలిస్, క్షయ, టాక్సోప్లాస్మా కూడ కారణములు కావచ్చును. రక్తపుపోటు మిక్కుటమైనను ఇట్టి నక్షత్రమే, ప్రాయికముగా రెండు కండ్లలో, ఏర్పడును. కనుక పోటు కొలువక ముందుకు పోరాదు.

మూడవ తెగ, వాపువలె కనబడియు శోథ కానివి. తలలో పీడనము పెరిగిన రెండు నాడులును ఉబ్బును. తలనొప్పి యుండును, చూపు మాత్రము మొదట బాగుగనే యుండవచ్చును. కల్తీసారాలోని మెథనాల్, క్షయకు వాడు ఇతాంబ్యుటాల్ నాడిని విషమువలె బాధించును. ఇందు నొప్పి లేకయే రెండు కండ్లును మసకబారును. ఇతాంబ్యుటాల్ వాడువారు రంగులు వెలిసినట్లు తోచిన అదేదినమున వైద్యునికి తెలుపవలెను.

ఈ భేదములను పాటింపకున్న నష్టమేమి? 1992లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో, మొదటి తెగవారికి సాధారణమోతాదున ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే యిచ్చిన వ్యాధి తిరుగబెట్టుట హెచ్చెనని తేలినది. ఇక సిఫిలిస్, క్షయ, టాక్సోప్లాస్మా ఉండగా ఆ క్రిమిని చంపు మందు లేక స్టెరాయిడు మాత్రమే వాడిన వ్యాధి విజృంభింపవచ్చును. పొరుగువారికి నయమైన మందు మనకు హాని చేయుట ఇట్లే.

మా మిత్రుని సంగతికి వత్తము. నాడి వాచినదని తెలిసినంతనే ఇంటిల్లిపాదియు నరముల వ్యాధియేమో యని భీతిల్లిరి. వైద్యులు పోటు కొలిచి, రక్తపరీక్షలు చేయించి, మరల చూచుటకు రమ్మనిరి. పదునొకండవదినమున నక్షత్రము కనబడెను. "ఇంట పిల్లి కలదా?" అని అప్పుడడిగిరి. పిల్లలు తెచ్చిన కూన చేతిని గీరినదియు, తరువాత జ్వరము వచ్చినదియు వారికి స్ఫురించెను. రక్తపరీక్ష దానినే బలపరచెను. నక్షత్రము గల వాపు మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు దారితీయునది కాదని విన్న దినమున ఆ ఇంట నిద్రపట్టెను.

శ్రోతలు ఒకటి జ్ఞాపకముంచుకొనవలెను. అప్పుడప్పుడు ఒక్కొక్క కన్ను మూసి ఎర్రని వస్తువును చూడుడు. తేడా తోచిన జాగుచేయక నేత్రవైద్యుని దర్శింపుడు. జ్వరము, తలనొప్పి, వాడుచున్న మందులు, పెంచుచున్న జంతువులు, ఏదియు దాచక చెప్పుడు. కంటిలో కారణము కనబడనపుడు మీరు చెప్పు మాటయే వైద్యునికి దారి చూపును.