కెరటాల మీద ఇల్లు

పిల్లలూ! మన ఇంట్లో బల్ల మీద పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. మన ఇల్లు కదలదు గనుక. ఇల్లే ఒక పక్కకు ఒరిగి, మరుక్షణం రెండో పక్కకు ఒరిగితే ఏమవుతుంది? గ్లాసు దొర్లుతుంది, కత్తి జారుతుంది, మంచం మీది మనిషి కింద పడతాడు. తెరచాప పడవలో నెలల తరబడి ప్రయాణం చేసేవారికి ఇది రోజూ ఉండే బాధే. అందుచేత పడవకు పైన తెరచాప ఎంత ముఖ్యమో, లోపలి గదుల అమరిక కూడా అంత ముఖ్యం.

ఈ సంగతి బాగా ఎరిగినవాడు జాషువా స్లోకం. ఈయన 1844లో కెనడాలోని నోవాస్కోషియాలో పుట్టాడు. చిన్ననాడే సముద్రం మీదికి వెళ్లి, పెద్ద పెద్ద తెరచాప ఓడలకు కెప్టెన్ అయ్యాడు. కాని ఇంతలో ఆవిరి ఓడలు వచ్చిపడ్డాయి. తెరచాప ఓడల కెప్టెన్లను అడిగేవారు లేకపోయారు. 1892లో స్లోకం అమెరికాలోని బోస్టన్‌లో పని లేక ఉన్నప్పుడు, ఎబెన్ పియర్స్ అనే ముసలి కెప్టెన్ ఆయనకు ఒక పడవ ఇస్తానన్నాడు. కాస్త బాగుచేసుకోవాలి, అంతే అన్నాడు.

స్లోకం ఫెయిర్‌హేవెన్ అనే ఊరు వెళ్లి చూచాడు. ఆ పడవ నీటిలో లేదు! ఒక పొలంలో, కర్రల ఆనికతో, గుడ్డ కప్పుకొని నిలబడి ఉంది. దాని పేరు స్ప్రే. చెక్క అంతా పాడైపోయింది. దాన్ని విరగగొట్టడానికే ఈయన వచ్చాడనుకున్నారు ఊరివారు. స్లోకం మాత్రం దగ్గరలో ఓక్ చెట్టు కొట్టి అడుగు దూలం చెక్కాడు. కర్రలను ఆవిరి పట్టించి, మెత్తబడిన తరువాత వంచి, పడవకు పక్కటెముకలు అమర్చాడు. ఇందుకు 13 నెలలు పట్టింది. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు.

ఇక లోపలి సంగతి చూడండి. పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. లోపలి లోతు మాత్రం 4 అడుగుల 2 అంగుళాలే. అంటే పెద్దవాళ్లు తిన్నగా నిలబడలేరు. అందుకని స్లోకం రెండు గదులను పడవ పైతలం కన్న 3 అడుగులు ఎత్తుగా లేపి, వాటి నేలను పడవ గర్భంలోకి దించాడు. దానితో తల తగలకుండా నిలబడే వీలు కలిగింది. ముందు వైపు సుమారు 6 అడుగుల చదరంగా వంటగది. వెనుక వైపు సుమారు 10 అడుగులు, 12 అడుగుల కొలతతో పడకగది. పడకగదిలో పక్కలకు, పైతలం కింద వృథాగా పోయే చోట, నిద్రకు ఒక పడక, సామాను పెట్టుకొనే అరలు, మందుల పెట్టెకు చోటు అమర్చుకున్నాడు.

రెండు గదులకూ నడుమనున్న చోటు దేనికో చెప్పగలరా? నీళ్లకు, ఉప్పు వేసిన మాంసం మొదలైన తిండి సామానుకు. చాలా నెలలకు సరిపడే సరుకు అక్కడ పట్టేది. పడవకు బరువు రెండు కొసలలో ఉంటే కెరటానికి ఎక్కువగా ఎగిరిపడుతుంది. నడుమ ఉంటే కొంత నెమ్మదిగా ఉంటుంది. నిలకడ కోసం వేసే అడుగు బరువును కూడా స్లోకం సిమెంటు కాంక్రీటుతో చేసి, కదలకుండా బిగించాడు. తుఫానులో ఆ బరువు ఒక పక్కకు జారితే పడవ మళ్లీ లేవదు!

చిన్న పడవలో ఒక్కొక్క వస్తువు రెండు మూడు పనులు చేయాలి. వెంట తీసుకుపోవడానికి మామూలు చిన్న పడవ పట్టదని, స్లోకం ఒక పాత పడవను సగానికి కోసి, కోసినచోట పలకలు కొట్టాడు. ఆ సగం పడవే బట్టలు ఉతుక్కొనే తొట్టి, స్నానాల తొట్టి కూడా అయింది!

1895 ఏప్రిల్ 24న ఆయన ఒంటరిగా బోస్టన్ నుంచి బయలుదేరాడు. జూలైలో, అజోర్స్ దీవులు దాటాక, అక్కడివారు ఇచ్చిన రేగిపళ్ల వంటి ప్లమ్ పళ్లు, జున్ను తిని కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. గది నేల మీద పడిపోయి స్పృహ తప్పాడు. మైకంలో, చుక్కాని దగ్గర ఎవరో నావికుడు నిలబడి పడవ నడుపుతున్నట్టు, తాను కొలంబస్ మనిషినని చెప్పినట్టు తోచిందట! తెల్లవారి చూస్తే, కెరటాలు పైతలాన్ని కడిగివేసి, కదిలే వస్తువు నంతటినీ ఊడ్చుకుపోయాయి. లోపల పడి ఉన్న మనిషి మాత్రం క్షేమం. పడవ తన దారిన తాను రాత్రికి రాత్రి 90 మైళ్లు నడిచింది!

1898 జూన్ 27న స్లోకం న్యూపోర్ట్ చేరాడు. 46,000 మైళ్లు తిరిగాడు. ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి ఆయనే. కాని సముద్రం సముద్రమే. కొన్నేళ్ల తరువాత అదే పడవలో బయలుదేరిన స్లోకం మరి తిరిగి రాలేదు.

ఈనాటి పడవలలో అరలకు అంచుపట్టీలు, తలుపులకు గట్టి గడియలు ఉంటాయి. పడవ ఎటు ఒరిగినా గిన్నె తిన్నగా ఉండేటట్టు పొయ్యి ఊగుతూ ఉంటుంది. నిద్రలో దొర్లిపడకుండా పడకకు గుడ్డ అడ్డం కడతారు. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళపు మహిళా అధికారులు ఆరుగురు 55 అడుగుల ‘తారిణి’ పడవలో గోవా నుంచి బయలుదేరి, భూమి చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు.

మీరూ ఒక పరీక్ష చేయండి. బకెట్ నీటిలో ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు నిలబెట్టండి. పక్కకు ఒరిగిపోతుంది. గ్లాసు అడుగున నిమ్మకాయంత బంకమట్టిని గట్టిగా అదిమి మళ్లీ పెట్టండి. తిన్నగా నిలుస్తుంది, వేలితో కాస్త వంచినా మళ్లీ లేస్తుంది. అదే మట్టిని ఈసారి పై అంచుకు అంటించి చూడండి. బరువు అదే, గ్లాసు అదే. మారింది చోటు ఒక్కటే! ఏ వస్తువును ఎక్కడ ఉంచాలో తెలియడం ఎంత పెద్ద విద్యో అప్పుడు మీకే బోధపడుతుంది.