ముల్లు బరువు, రికార్డు ఆయువు

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో కన్నుమూసిరి. ఆయన గానము చేసిన భగవద్గీత రికార్డు నేటికిని పెక్కు తెలుగు ఇండ్లలో భద్రముగ నున్నది. అయితే ఒకసారి అరిగిన గాడి మరల బాగుపడదు. కావున టర్న్ టేబులును సరిచేసికొనుట చెవి కింపు కొరకే కాదు, రికార్డును కాపాడుకొనుటకును అవసరము.

మొదటిది పీఠము. మా కల్లూరు ప్రాంతమున బండలకు కొదువ లేదు. బేతంచెర్ల నాపరాతి పలకను గట్టి బల్లపై కదలకుండ అమర్చి, దానిపై యంత్రము నుంచినచో నడకల అదురు ముల్లును అంతగా చేరదు. స్పీకర్లను మాత్రము వేరొక బల్లపై నుంచవలెను. తాపీమేస్త్రి వాడు రసమట్టమును పళ్లెముపై నిలువునను అడ్డముగను పెట్టి మట్టము చూడవలెను.

రెండవది బరువు. చేతి వెనుకనున్న తూనికగుండును త్రిప్పి, చేయి పైకి లేవక, క్రిందికి వ్రాలక నిలుచునట్లు చేయవలెను. అప్పుడు అంకెల చక్రమును సున్నకు తెచ్చి, తయారుచేసినవారు చెప్పిన బరువును పెట్టవలెను. నేటి కార్ట్రిడ్జీలలో పెక్కింటికి ఇది 1.5 నుండి 2.5 గ్రాములు. బరువు ఎంత తగ్గించిన అంత మేలని కొందరి తలంపు. అది పొరపాటు. మరీ తేలికైన ముల్లు గాడి గోడలను వీడి ఎగిరిపడుచు వాటిని చెక్కివేయును.

మూడవది వేగము. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. దానితో వెలుగు నియాన్ దీపము సెకనుకు 100 మార్లు మినుకుమనును. 180 గీతలున్న కాగితపు చక్రమును పళ్లెముపై నుంచి ఆ వెలుగున చూడుడు. గీతలు కదలనట్లు తోచినచో వేగము నిమిషమునకు సరిగా 33⅓ చుట్లు.

పాత 78 చుట్ల రికార్డుల గాడి వెడల్పైనది. వాటికి సుమారు 75 మైక్రాన్ల మొన గల ముల్లు వేరుగ కావలెను. అవి లక్కతో చేసినవి గనుక స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగును. ఎండలు 40 డిగ్రీలు దాటు మన సీమలో ఏ రికార్డునైనను కిటికీకి దూరముగ నిలువుగ నుంచుట మేలు. దుమ్మును మెత్తని కుంచెతో తీసిన పిదపనే ముల్లు దింపవలెను.

తుదకొక పరీక్ష. రికార్డు మధ్యకు చేరువైన చివరి పాటను వినుడు. శ, ష, స అక్షరములు చిరచిరలాడినచో బరువును, కార్ట్రిడ్జి నిలిచిన కోణమును, ముల్లు అరుగుదలను మరల చూడవలెను. అవి స్పష్టముగ పలికినచో ముల్లు తన దారిని సరిగా నడచుచున్నదని మేము చెప్పగలము.