పాట ఒకటే.. పాడింది రెండుసార్లు

భజన మందిరంలో చిడతలు, తాళాలు, ఒక పాత హార్మోనియం. అంతే. వాటితోనే తెల్లవార్లూ రామదాసు కీర్తనలు పాడేస్తారు. అదే కీర్తన శ్రీరామనవమి పందిట్లో కీబోర్డు, డ్రమ్ములు, నాలుగు స్పీకర్లతో మోగితే కుర్రకారు ఊగిపోతుంది. అరుగు మీద కూచున్న పెద్దాయన మాత్రం 'మాట వినబడటం లేదురా' అని విసుక్కుంటాడు. ఈ తగవు ఊరూరా ఉన్నదే.

సముద్రాల అవతల ఐర్లండ్ దేశపు గాయని ఒకామె ఈ తగవును తీర్చారో, తీర్చకుండా వదిలేశారో చెప్పడం కష్టం. భక్తి పాటలను రెండు విధాలా పాడి, రెండింటినీ ఒకే ఆల్బమ్‌గా శ్రోతల చేతిలో పెట్టారు. ఆమె పేరు షినేడ్ ఓ'కానర్. ఆల్బమ్ పేరు 'థియాలజీ'. దైవశాస్త్రం అని అర్థం. 2007 జూన్‌లో విడుదలైంది.

ఇందులో రెండు డిస్కులు. మొదటిది ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌ది. అందులో ఆమె గొంతుకు తోడు ప్రధానంగా స్టీవ్ కూనీ గిటారు. కరెంటుతో పనిలేని మామూలు గిటారు. రెండోది లండన్‌ది. దాని రికార్డింగు బాధ్యత రాన్ టామ్‌ది. దాదాపు అవే పాటలు డ్రమ్ములు, బేస్ గిటార్లతో నిండు బృందంతో వినిపిస్తాయి.

పాటలేవో ప్రేమ కబుర్లు కావు. చాలావరకు బైబిలు పాత నిబంధన నుంచి అల్లుకున్నవి. 33, 91, 130, 137 కీర్తనలు, యెషయా, యోబు, పరమగీతము.. తెలుగు పల్లెల్లో ఆదివారం ఆరాధనకు వెళ్లేవారికి ఇవి కొత్త పేర్లు కావు. 91వ కీర్తనను కంఠతా అప్పజెప్పే ముసలమ్మలు మన ఊళ్లలోనూ ఉన్నారు. డబ్లిన్‌లో తనకు పాఠాలు చెప్పిన విల్ఫ్రెడ్ హారింగ్టన్ అనే ఫాదరీకి షినేడ్ ఈ ఆల్బమ్‌ను అంకితమిచ్చారు.

అసలు ఆశ్చర్యం ఇక్కడే. ఈమె ఒకనాడు టీవీలో పోపు ఫొటోను చించి పారేసిన మనిషి.

షినేడ్ 1966 డిసెంబర్ 8న డబ్లిన్‌లో పుట్టారు. చిన్నతనంలో తల్లి చేతుల్లో దెబ్బలు తిన్నారు. దొంగతనాల అలవాటు పడిందని పదిహేనేళ్ల ప్రాయంలో సన్యాసినులు నడిపే ఒక సంస్థలో పెట్టారు. ఆ చోటే ఆమెకు చేదు జ్ఞాపకం. అక్కడి ఒక సన్యాసినే గిటారు కొనిచ్చింది కూడా. 1990లో ప్రిన్స్ రాసిన ఒక పాట పాడి లోకమంతటా పేరు తెచ్చుకున్నారు.

1992 అక్టోబర్ 3న అమెరికా టీవీ కార్యక్రమంలో, ఏ వాయిద్యమూ లేకుండా, బాబ్ మార్లీ పాట 'వార్' పాడారు. పసిపిల్లలపై సాగే అఘాయిత్యాలను అందులో చేర్చారు. చివర పోపు జాన్ పాల్ 2 ఫొటోను ముక్కలు చేశారు. అది తన తల్లి గోడకు తగిలించుకున్న ఫొటో. దుమారం లేచింది. రెండు వారాలు తిరక్కుండానే న్యూయార్క్‌లో వేదిక ఎక్కితే జనం అరుపులతో హోరెత్తించారు. వాయించబోయిన బృందాన్ని ఆమె చేత్తో ఆపేశారు. మళ్లీ అదే పాటను ఒంటి గొంతుతో ఎలుగెత్తి పాడి దిగిపోయారు.

ఆమె ఏం చెప్పబోయిందో ఆనాడు విన్నవారు తక్కువ. 2009లో ఐర్లండ్ విచారణ సంఘం నివేదిక బయటపడింది. మత సంస్థలు నడిపిన ఆశ్రమాల్లో పిల్లలు పడిన హింస అందులో ఉంది. 2010లో పోపు బెనెడిక్ట్ 16 ఐర్లండ్ కేథలిక్కులకు లేఖ రాసి విచారం తెలిపారు. పదిహేడు, పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా.

చర్చి పెద్దల మీద కోపం ఉన్నా దేవుడితో ఆమెకు తగవు లేదు. 'థియాలజీ' వినేవారికి అది తెలిసిపోతుంది. 2001 సెప్టెంబర్ 11 దాడులు, ఆ తర్వాతి యుద్ధాలు చూసి, యుద్ధకాలంలో శాంతికి కాస్త చోటు కోసమే ఈ పాటలని ఆమె చెప్పుకున్నారు. ఎవరినీ మతం మార్చే ఉద్దేశం లేదనీ అన్నారు.

యెషయా గ్రంథంలోని ద్రాక్షతోట పాట సంగతి రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. సారవంతమైన గుట్ట మీద ఒకాయన తోట వేశాడు. రాళ్లు ఏరాడు. మేలురకం తీగెలు నాటాడు. కాపలాకు బురుజు కట్టాడు. మన మంచె లాంటిదే, కాకపోతే రాతిది. తీరా కాపుకొచ్చేసరికి కాసినవి అడవి ద్రాక్షలు. నకిలీ విత్తనం కాదు, కష్టం ఎగ్గొట్టిందీ లేదు. ఇంకేం చేయాలో చెప్పండని ఆయన జనాన్నే తీర్పు అడుగుతాడు. ఆ తోట ఎవరో కాదు, మీరేనంటాడు ప్రవక్త. న్యాయం పండాల్సిన చోట నెత్తురు పారిందన్నది ఆయన గోడు.

ఈ పాటను డబ్లిన్ డిస్కులో వింటే గుండె బరువెక్కుతుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడా వినబడుతుంది. మనిషి పక్కనే కూచుని మొర పెట్టుకుంటున్నట్టుంటుంది. లండన్ డిస్కులో అదే పాటకు నడక వస్తుంది, నిండుదనం వస్తుంది, మొర కాస్త వెనక్కి తగ్గుతుంది. అలాగని లండన్ డిస్కును తీసిపారేయలేం. పదిమంది కలిసి చప్పట్లు కొట్టాలంటే డప్పు ఉండాల్సిందే. 137వ కీర్తన మీద కట్టిన బబులోను నదుల పాట జమైకా వాళ్ల తాళంలో పుట్టింది. 1978లో బోనీ ఎం బృందం దాన్ని ఊరూవాడా మోగించింది. జనం కాలు కదిపిన ఆ పాట అసలు చెరపట్టబడినవాళ్ల ఏడుపు. ఒక్క గిటారు మీద వింటే ఆ సంగతి గుర్తుకొస్తుంది.

2018లో షినేడ్ ఇస్లాం స్వీకరించారు. 2023 జూలై 26న 56వ ఏట లండన్‌లో కన్నుమూశారు. ఆగస్టు 8న, ఆమె ఒకప్పుడు నివసించిన బ్రే పట్టణంలో సముద్రతీరం రోడ్డు పొడవునా జనం వేల సంఖ్యలో నిలబడ్డారు. శవపేటిక ఉన్న కారుకు ముందు ఒక పాత వ్యాను మెల్లగా కదిలింది. దాని మీద కట్టిన స్పీకర్లలో బాబ్ మార్లీ పాట మోగుతోంది.