గాలి సోకిందనే ముందు

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న ఆడపిల్ల ఉన్నట్టుండి అర్థంలేని మాటలాడి, నిద్ర మానితే, మూర్ఛలు వస్తే, గాలి సోకిందని కొందరు తాయెత్తు కడతారు. అది మెదడు జబ్బు కావచ్చును.

2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు డాక్టరు జోసెప్ డాల్మౌ, ఆయన సహచరులు ఇట్టి 12 మంది స్త్రీలనుగూర్చి ప్రకటించారు. 11 మందికి అండాశయంలో గడ్డ ఉన్నది. అట్టి గడ్డలో నరాల కణజాలం ఉండుటచేత, దానిపై లేచిన శరీర రక్షణశక్తి మెదడుమీదకూ తిరగబడుతుంది. కొన్ని గడ్డలు క్యాన్సరు కావచ్చును. గడ్డ లేనివారికీ ఈ జబ్బు రావచ్చును.

వెన్నునీటి పరీక్షలో ఇది తెలుస్తుంది. గడ్డ తీసి, రక్షణశక్తిని అణచే మందులిస్తే, నెలలు పట్టినా చాలమంది కోలుకొంటారు. ఆలస్యమే ముప్పు. కనుక తల్లిదండ్రులు మొదట ఆసుపత్రికే తీసుకొనిపోవలెను.