వచ్చిన గడపకే మరలవలెను: జావా ఆప్లెట్టు జీవితము

కొత్తచెరువు మండలమున వేరుసెనగ విత్తుటకు ముందు పంటరుణమునకై బ్యాంకు గడప త్రొక్కు రైతునకు అడంగలు, 1-బి అను భూమి దస్త్రములు అత్యవసరములు. 2015 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మీభూమి పోర్టలును తెరచిన పిమ్మట, సర్వే నెంబరు తెలిసినవారు వానిని ఫోనులోని బ్రౌజరుననే చూచుకొనగలుగుచున్నారు. కాని భూమి దస్త్రములున్న డేటాబేసుతో నేరుగా మాటాడు అధికారము ఏ బ్రౌజరునకును లేదు. ఈ నిషేధము విలువ తెలియవలెనన్న, నేడు కాలగర్భమున కలసిన జావా ఆప్లెట్టు కథ తెలిసికొనవలెను.

1995 మే నెలలో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, జేమ్స్ గోస్లింగ్ ప్రభృతులు రూపొందించిన జావా భాషను లోకమునకు ప్రకటించినది. వెబ్ పుటతోపాటు సర్వరునుండి దిగివచ్చి చదువరి కంప్యూటరులోనే నడచు చిన్న ప్రోగ్రామునకు ఆప్లెట్టని పేరు. అపరిచితుడు వ్రాసిన ప్రోగ్రాము మన యంత్రమున ప్రవేశించుట ప్రమాదకరము గనుక, నిర్మాతలు దానికి శాండ్‌బాక్స్ అను కట్టడిని విధించిరి: అది మన ఫైళ్ళను ముట్టరాదు, తాను వచ్చిన సర్వరుతో తప్ప మరే యంత్రముతోను సంభాషింపరాదు.

1997లో జావా 1.1తోపాటు జేడీబీసీ వచ్చి, జావా ప్రోగ్రాములు డేటాబేసులను చేరుటకు సుగమమైన మార్గమేర్పడగా, ఆప్లెట్టునుండియే దూరపు డేటాబేసును అందుకొనగోరిన ప్రోగ్రామర్లకు ఈ కట్టడి గోడవలె అడ్డుపడినది. డేటాబేసును వెబ్ సర్వరున్న యంత్రముననే ఉంచుట, ఆప్లెట్టుపై డిజిటల్ సంతకముంచి అదనపు అధికారము కోరుట అను రెండు ఉపాయములు వాడుకలోనికి వచ్చినవి. రెండును ఆపదకు ద్వారములే. ఏలయన డేటాబేసు రహస్యపదము ఆప్లెట్టులోనే ఉన్నచో, దిగివచ్చిన కోడును విప్పి దానిని చదువుట నేర్పరికి కష్టము కాదు.

కట్టడి అనావశ్యకమను వారికి 1996 ఫిబ్రవరియే సమాధానము. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున డ్రూ డీన్, ఎడ్వర్డ్ ఫెల్టెన్, డాన్ వాలక్ అను మువ్వురు పరిశోధకులు, యంత్రముల పేర్లకు చిరునామాలను తెలుపు డీఎన్ఎస్ వ్యవస్థ ఒక సర్వరు పేరునకు అనేక చిరునామాలను చూపినపుడు బ్రౌజరు వానినన్నిటిని ఆప్లెట్టు పుట్టినింటివిగనే నమ్ముచున్నదని కనుగొనిరి. దుష్టుడు తన డీఎన్ఎస్ జాబితాలో పరుల కార్యాలయపు లోపలి యంత్రము చిరునామాను చేర్చినచో, ఆ కార్యాలయమున ఎవరో అమాయకముగా తెరచిన పుటలోని ఆప్లెట్టు, వెలుపలివారిని ఆపు ఫైర్‌వాలునకు ఇవతలనే ఉండి, ఆ యంత్రమును తట్టగలదు. బ్రౌజరు నిర్మాతయైన నెట్‌స్కేప్ సంస్థ వెంటనే ఈ లోపమును సవరించినది. నా దృష్టిలో ఆప్లెట్టు చరిత్రమున ఇంతకుమించిన పాఠము లేదు.

నిలిచినది మధ్యవర్తి మార్గము. మన సీమ చెరువులక్రింద ఆయకట్టు రైతు కట్టను త్రవ్వుకొనక, నీరుగంటి తూము తెరచి వంతు ప్రకారము వదలిన నీటినే పారించుకొనినట్లు, బ్రౌజరు మధ్యనున్న సర్వరును అడుగును. అది అడిగినవాని అర్హతను విచారించి, డేటాబేసునుండి తగినంతమాత్రమే తెచ్చియిచ్చును. ఇచట ఒక భేదమును విస్మరింపరాదు: బ్రౌజరు కట్టడి ప్రధానముగా చదువరిని కాపాడును, డేటాబేసును కాపాడవలసినది ఆ మధ్య సర్వరే.

2015లో క్రోమ్ ఆప్లెట్టులను నడుపుట మానినది. 2017లో వచ్చిన జావా 9 వానిని వర్జనీయములని ప్రకటించినది. కట్టడి మాత్రము జావాస్క్రిప్టునందు జీవించియే యున్నది. అన్య సర్వరు తానై అనుమతించినప్పుడే దాని ప్రత్యుత్తరమును చదువనిచ్చు కార్స్ విధానము 2014 జనవరిలో ప్రమాణమైనది.

అనంతపురపు కళాశాలలలో ప్రోగ్రామింగు నేర్చుచున్న యువకులారా, యువతులారా, అభ్యాసమునకై వ్రాయు చిన్న ప్రోగ్రామునందైనను డేటాబేసు రహస్యపదమును బ్రౌజరునకు పంపు కోడులో వ్రాయకుడు. రేపు మీ చేతులలో ఉండబోవునవి రైతుల భూమి హక్కులు.